దూలం కింద మంచం

ఆస్పత్రి నుంచి ఇంటికి రాగానే మా ఆయన చేసిన మొదటి పని, మా అమ్మాయి ఉయ్యాల విప్పించడం.

తొడ ఎముక విరిగితే విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. డాక్టరు చెప్పేదాకా కాలు నేల మీద మోపకూడదన్నారు. అంబులెన్సు వాళ్లు ఆయన్ని నడిగదిలో మంచం మీదికి మార్చి వెళ్లిపోయారు. ఆయన ముఖమంతా చెమట. దాహమేస్తుందేమోనని మంచినీళ్ల గ్లాసుతో నిలబడ్డాను. ఆయన గ్లాసు వైపు చూడలేదు. పైకి చూశారు.

"ముందా సీర విప్పీ," అన్నారు.

నడిగదిలో అడ్డంగా పెద్ద దూలం ఉండేది. పైకప్పు వాసాలన్నీ దాని మీదే ఆనేవి. దానికున్న ఇనుప కొక్కేనికి నా పాత చీర కట్టి అమ్మాయికి ఉయ్యాల వేశాం. మూడో తరగతికొచ్చినా బడి నుంచి రాగానే అందులోకి దూరేది. పుస్తకం చదివినా, పాలు తాగినా అందులోనే.

"అదిప్పుడు మీకేం అడ్డమొచ్చింది?" అన్నాను.

"విప్పమన్నానా!"

అంత నొప్పిలోనూ ఆ గొంతు గదంతా నిండిపోయింది. అమ్మాయి వంటింటి గుమ్మంలో బిక్కచచ్చి నిలబడింది. స్టూలేసుకుని చీర విప్పాను. నేను దిగేదాకా ఆయన ఊపిరి బిగబట్టుకుని చూస్తూనే ఉన్నారు. నొప్పి వల్లనుకున్నాను.

ఆయన బస్సు డ్రైవరు. నర్సీపట్నం నుంచి చింతపల్లి మీదుగా పైకి వెళ్లే ఘాట్ రూట్లో ఏళ్ల తరబడి తిరిగారు. నేను ఊళ్లో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతాను. ఇల్లు కొనుక్కుందామనుకున్నప్పుడు, రెండు గదులైనా సరే శ్లాబు ఇల్లే కావాలని నేను పట్టుబట్టాను. ఆయన మాత్రం ఈ పెంకుటింట్లోకి అడుగుపెట్టి, తలెత్తి ఆ దూలాన్ని చూసి, అక్కడే మనసు పారేసుకున్నారు. రెండు అరచేతులతో చుట్టి పట్టుకున్నా అందనంత లావు. కాఫీ రంగు పెయింటుతో నిగనిగలాడుతూ ఉండేది.

"ఇలాటి కర్ర ఇప్పుడెక్కడ దొరుకుతాది? ఏజెన్సీ అడవుల్లో కూడా లేదు," అన్నారు.

"చెదలు పడితే?" అన్నాను.

"దీన్ని తినాలంటే సెదలకి ఇనప పళ్లుండాలి," అని నవ్వారు.

తర్వాత ఏటా ఎండాకాలంలో ఒక సెలవు రోజు చూసుకుని, నిచ్చెనెక్కి దూలానికీ వాసాలకీ వాడేసిన ఇంజన్ ఆయిల్ పూసేవారు. ఇల్లంతా రెండు మూడు రోజులు బస్టాండు వాసన కొట్టేది. ఆ ఏడు కూడా అలా ఎక్కినప్పుడే పడ్డారు. నేను బంధువులింటికి వెళ్లి ఉన్నాను. పక్కింటావిడ ఫోను చేసింది. ఎలా పడ్డారని ఎవరడిగినా, "నిచ్చెన జారింది," అనేవారు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పేవారు కాదు.

ఇంటికొచ్చాక మనిషి మారిపోయారు. చూడ్డానికి ఎవరొచ్చినా నడిగదిలోకి రానిచ్చేవారు కాదు. "బైట కూసోమను, నాను నిద్రపోతన్నానని సెప్పు," అనేవారు. ఆయనతో పనిచేసే డ్రైవర్లు పళ్లు పట్టుకుని వస్తే, కళ్లు మూసుకుని పడుకున్నారు. వాళ్లు వరండాలోనే కాసేపు కూర్చుని, నా ముఖం చూసి లేచిపోయారు. నన్నూ అమ్మాయినీ వరండాలో పడుకోమన్నారు. అక్కడ గాలి బాగుంటుందట. రాత్రి మీకేమైనా అవసరమైతేనో అంటే, పిలుస్తానన్నారు. అన్నం పెట్టి ఒక నిమిషం మంచం పక్కన కూర్చుంటే చాలు, "నీకు పనేటీ లేదా?" అనేవారు.

ఒక సాయంత్రం అమ్మాయి ఎక్కాల పుస్తకం తీసుకుని వెళ్లి ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. నేను వంటింట్లో ఉన్నాను. ఒక్కసారిగా అరుపు వినిపించింది.

"లెగు! ఎల్లు ఇక్కడినించి! ఎన్నిసార్లు సెప్పాలి నీకు!"

పిల్ల ఏడుస్తూ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. చేతిలో గరిటె అలాగే పట్టుకుని వెళ్లాను.

"పడింది మీరు. పిల్లేం చేసిందండీ? మేమంటే అంత వెగటైతే చెప్పండి, పుట్టింటికి పోతాం."

ఆయన గోడ వైపు తల తిప్పుకున్నారు. అటే చూస్తూ, "ఎల్తే మంచిదే. నాలుగు రోజులు ఎల్లండి," అన్నారు.

కోపంగా అనుంటే తట్టుకునేదాన్ని. నెమ్మదిగా, ఎప్పుడో ఆలోచించి పెట్టుకున్నట్టుగా అన్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నన్ను వెళ్లమన్నది అదే మొదలు.

పక్కింటావిడని నేను అక్క వరసలో అప్పా అని పిలుస్తాను. ఆదివారం చర్చి నుంచి వస్తూ మా ఇంట్లోకి తొంగి చూసి, ఆయన కోసం ప్రార్థన చేయించానని చెప్పింది. నా కళ్లు చూసి గోడ దగ్గరికి తీసుకెళ్లింది.

"మగోడు మంచాన పడితే అంతేనమ్మా. అందర్నీ కరుస్తాడు. స్టీరింగు పట్టుకున్న సేతులు కదా, ఊరకే ఉండలేవు. నువ్వు మనసులో పెట్టుకోకు."

అదే నిజమనుకున్నాను. కానీ ఆయన చూపు మాత్రం నాకు నిద్రపట్టనిచ్చేది కాదు. ఎప్పుడు చూసినా కళ్లు పైకే. ఫ్యాను వైపు కాదు, పెంకుల వైపు కాదు, దూలం మీదే. చావు గురించి ఆలోచిస్తున్నారేమోనని భయమేసింది. ఒంటరిగా వదలమని అందుకే పోరుతున్నారేమోనని, ఆయన మాత్రల డబ్బా తీసి వంటింటి గూట్లో దాచాను. పూటకి ఎన్ని కావాలో అన్నే ఇచ్చేదాన్ని.

పడక పుళ్లు రాకుండా ఆయన వీపుకి టాల్కం పౌడరు రాసేదాన్ని. పొద్దున్నే దుప్పటి మీద, తలగడ మీద పొడి కనిపిస్తే అదేననుకుని దులిపేసేదాన్ని. ఒకరోజు కాస్త ముందుగా లేచి వెళ్లేసరికి ఆయన తనే అరచేత్తో ఛాతీ మీద నుంచి, తలగడ మీద నుంచి ఆ పొడి తుడిచి మంచం కిందికి తోస్తున్నారు. నన్ను చూసి చెయ్యి ఆపారు. తలగడ గలీబు మారుస్తూ చూశాను. పౌడరు తెల్లగా ఉంటుంది. ఇది శనగపిండి రంగులో ఉంది. మధ్యమధ్య ఎర్రమట్టి పలుకులున్నాయి.

"ఏంటండీ ఇది?"

"పెంకుల మీంచి దుమ్ము. కోతులు తిరుగుతన్నాయి."

కోతులు తిరిగే మాట నిజమే. అందుకే నమ్మాను. ఆ రోజే అన్నం తింటూ, "ఈ మంచం వరండాలోకి పట్టుద్దా?" అని అడిగారు. వీధి తలుపు రెండు రెక్కలదైనా కుడి రెక్క ఎప్పుడో బిగుసుకుపోయింది. గడియ కదలదు. ఒక్క రెక్కలోంచి మనిషి వెళ్లడమే తప్ప మంచం వెళ్లదు. పక్కగది చూస్తే బీరువాతోనే నిండిపోయింది. ఆ మాటే చెప్పి, డాక్టరు కదపొద్దన్నారు కదా అన్నాను. ఆయన మళ్లీ అడగలేదు.

బడులు తెరిచిన తర్వాత పెద్ద వాన పట్టింది. మధ్యాహ్నం మొదలై ఆగుతూ, మళ్లీ అందుకుంటూ, నేను స్కూలు నుంచి వచ్చేసరికి వీధిలో చీలమండల దాకా నీళ్లు. పెంకులు నాని ఇల్లంతా పచ్చిమట్టి వాసన వేస్తోంది. దీపాలు పెట్టే వేళకి కాస్త తెరిపిచ్చింది. అమ్మాయి వరండాలో హోంవర్కు చేసుకుంటోంది. నడిగదిలో ట్యూబులైటు వేశాను.

వేసిన కాసేపటికే ఉసుళ్లు మొదలయ్యాయి. వాన పడ్డాక రెక్కల పురుగులు లైటు చుట్టూ మూగడం ఏటా ఉండేదే. కిటికీ మూసి, లైటు కింద బేసిన్లో నీళ్లు పెట్టాను. అయినా తగ్గలేదు. అన్నం గిన్నె మీద, ఆయన జుట్టులో, కట్టు మీద, ఎక్కడ చూసినా రెక్కలే. ఎటునుంచి వస్తున్నాయో చూద్దామని తలెత్తాను.

బయటి నుంచి కాదు. గోడలోకి దిగిన చోట దూలానికి సన్నటి చీలిక ఉంది. ఆ చీలికలోంచి ఒకదాని వెనక ఒకటి తోసుకుంటూ బయటికొచ్చి, రెక్కలు సర్దుకుని ఎగురుతున్నాయి. ఎన్ని వచ్చినా లోపల ఇంకా ఉన్నట్టే ఉంది.

స్టూలెక్కి, ఆ చీలికలో గుడ్డ కుక్కుదామని వేళ్లతో నొక్కాను. పెయింటు అప్పడంలా విరిగింది. నా చెయ్యి మణికట్టు దాకా దూలంలోకి వెళ్లిపోయింది.

లోపల కర్ర లేదు. తడి మట్టి ఉంది. ఆ మట్టి కదులుతోంది.

అరవబోయాను. వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది. అది కసిరే గొంతు కాదు. చాలా మెల్లగా, ఒక్కో మాటా పట్టి పట్టి చెప్పారు.

"సెయ్యి లాగకు. మెల్లిగా తియ్యి. దూలం మీద బరువెయ్యకు. ఇప్పుడు దిగు."

దిగాను. చేతి నిండా మట్టి, తెల్లటి చెదపురుగులు. ఆయన ముఖం చూశాను. ఆశ్చర్యం లేదు ఆ ముఖంలో. అప్పుడర్థమైంది.

"మీకు తెలుసు," అన్నాను.

"గట్టిగా మాటాడకు. వరండాలో గుంట వింటే భయపడుతాది."

"ఎప్పటినుంచి తెలుసు?"

"పడిన రోజు నించి. ఆయిలు పూసే ముందు పాత పెచ్చులు గీకుదామని రేకు పెట్టి నొక్కితే పిడి దాకా దిగిపోయింది. బేలెన్సు తప్పింది."

"ఇన్నాళ్లూ దాని కిందే పడుకున్నారా? మమ్మల్ని బయటికి తోలి?"

"నాను లెగిసి నడిసేదాకా ఆగుతాదనుకున్నాను. లెగిసేక కింద గుంజలు పోటు పెట్టించొచ్చని..."

"నాకెందుకు చెప్పలేదు?"

పెంకుల మీద మళ్లీ చినుకులు మొదలయ్యాయి.

"ఘాట్‌లో బ్రేకు పట్టనప్పుడు ఎనక్కి తిరిగి సెప్తామేటి? సెప్తే జనం కంగారుపడి దూకేస్తారు. గేర్లు మార్సుకుంటూ కిందికి దింపాలి. అంతే."

"నేను మీ బస్సులో ప్యాసింజర్ని కాదండీ."

ఆ మాటకి ఆయన ఏమనేవారో తెలీదు. పైన చిన్న చప్పుడైంది. ఎండిన కొమ్మ విరిగినట్టు కాదు, తడిసిన తాడు బిగుసుకున్నట్టు. ఇద్దరం తలెత్తాం. దూలం నడుమ పెయింటు మీద అంతవరకూ లేని గీత ఒకటి కనిపించింది. చూస్తుండగానే అది ఇంకో జానెడు సాగింది. ఎర్రమట్టి సన్నటి ధారగా ఆయన దుప్పటి మీద పడింది.

"గుంటని పక్కింటికి పంపు," అన్నారు. "నువ్వూ ఎల్లు. ఎవులైనా మనుసులొచ్చేక నన్ను సూద్దురు గాని."

నేను బయటికి పరుగెత్తాను. అమ్మాయిని రెక్క పట్టుకుని అప్ప వాళ్లింట్లో వదిలి, ఒక్క ముక్కలో సంగతి చెప్పాను. "ఒలమ్మో!" అని ఆవిడ చేతిలో చేట పడేసి నాతో వచ్చేసింది. వచ్చే దారిలోనే, సందు మొదట్లో నాతవరం వెళ్లే షేరు ఆటో డ్రైవరుని కేకేసింది. అతను, లోపల కూర్చున్న ఇద్దరు ప్రయాణికులు తడుస్తూనే దిగి వచ్చారు. వాళ్ల ముఖాలు తప్ప ఊరూ పేరూ నాకు ఇప్పటికీ తెలియవు.

గదిలోకి అడుగుపెట్టగానే ఆటో డ్రైవరు పైకి చూసి ఆగిపోయాడు. మా ఆయన మంచం మీద నుంచే చెప్పారు.

"అందరూ ఒకేసారి రాకండి బాబూ. నేల అదిరితే పడిపోతాది."

మంచంతో సహా తీసుకెళ్లడం కుదరదు. కింద పరిచిన బొంత నాలుగు మూలలూ పట్టుకుని ఎత్తాలన్నది అప్ప. నేను విరిగిన కాలి వైపు నిలబడి రెండు చేతులూ తొడ కిందికి పోనిచ్చాను. లేపగానే ఆయన పళ్లు కరకరమన్నాయి. అరవలేదు. మనిషి బరువు, పైగా బొంత తడిసి జారుతోంది. నాలుగడుగుల్లో గుమ్మం దాకా వచ్చాం. అక్కడ ఆగిపోయాం.

ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు సన్నటి స్ట్రెచరు పట్టింది గానీ, చుట్టూ పట్టుకున్న మనుషులతో బొంత ఆ ఒక్క రెక్క సందులోంచి పట్టడం లేదు. పక్కకి వాల్చితే కాలు మెలిపడుతుంది. ఆటో డ్రైవరు బిగుసుకున్న రెక్కని భుజంతో నెట్టాడు. కదల్లేదు. మా తలల వెనక మళ్లీ ఆ చప్పుడైంది. ఈసారి రెండు పెంకులు జారి, మేం వదిలొచ్చిన మంచం పక్కన పగిలాయి. తొడ కింద ఆనించిన నా వేళ్లు తిమ్మిరెక్కాయి. వదిలేస్తానేమోనని నాకు నామీదే భయమేసింది.

"ద్వారబందం తన్ను!" అన్నారు మా ఆయన. "రెక్కని కాదు, కింద ద్వారబందాన్ని తన్ను! అదీ డొల్లయిపోయే ఉంటాది!"

అతను గడప దగ్గర ద్వారబంధం మీద కాలితో ఒక్క తాపు తన్నాడు. అంత పెద్ద కర్రా ఎండు మొక్కజొన్న బెండులా విరిగిపోయింది. లోపలంతా మట్టే. రెండో తాపుకి రెక్కతో సహా ఊడి వరండాలోకి వాలింది. దూలాన్ని తిన్నవే దాన్నీ తినేశాయి. మేం ఆ విరిగిన తలుపు మీదుగానే ఆయన్ని బయటికి మోసుకొచ్చాం.

అప్ప వాళ్ల వరండాలో దించాక వెనక్కి తిరిగి చూశాను. అందరూ అనుకున్నట్టు పెద్ద శబ్దంతో ఏమీ కూలలేదు. చాలాసేపు ఏమీ కాలేదు కూడా. ఇంత చేసి, అనవసరంగా ఆయన కాలు కదిపామేమోనని కూడా అనిపించింది. వాన మళ్లీ జోరందుకున్నాక లోపల పెంకులు వరసగా జారడం వినిపించింది. ఆ తర్వాత ఒక బరువైన చప్పుడు. పొద్దున వెళ్లి చూస్తే, గోడలో ఉన్న చివర ఊడి దూలం మంచానికి అడ్డంగా పడుంది. ఇనుప మంచం నడుం వంగిపోయింది.

దూలం విరిగిన చోట లోపలంతా గూడే. మట్టి గదులు, సన్నటి దారులు. గోడలో ఉన్న చివర మాత్రం చెదలు తినకముందే పాడైపోయినట్టుంది. పైనున్న పెంకు సందులోంచి ఎన్నేళ్ల నుంచి నీళ్లు దిగుతున్నాయో, కర్ర నల్లబడి మెత్తగా బెల్లంలా అయింది. దాని మీద చెవుల్లాంటి చిన్న చిన్న పుట్టగొడుగులు మొలిచాయి. గట్టిగా మిగిలిన చోట్ల సూదితో పొడిచినట్టు పుచ్చు పురుగుల కంతలు. ఆయన ఛాతీ మీద రాలిన పసుప్పచ్చ పొడి వాటిదే. ఆయిలు పైపైన పూత మీదే నిలిచిపోయింది. ఆ నిగనిగలాడే పెయింటు ఒక్కటే ఇన్నాళ్లూ దూలంలా కనిపించింది.

ఆయన్ని మళ్లీ విశాఖపట్నం తీసుకెళ్లి ఎక్సరే తీయించాం. రాడ్డు కదల్లేదన్నారు. వచ్చాక అప్ప వాళ్లింట్లోనే కొన్నాళ్లున్నాం. నేను ఆయనకి అన్నం పెట్టేదాన్ని, మందులిచ్చేదాన్ని. మాట్లాడేదాన్ని కాదు. మమ్మల్ని కాపాడాలనే అలా చేశారని అందరూ అన్నారు. అప్ప కూడా అదే అంది. నిజమే కావచ్చు. కానీ ఆయన చచ్చిపోదామనుకుంటున్నారేమోనని నేను మాత్రల డబ్బా దాచుకుని తిరిగిన రోజులు నాకు ఎవరు తిరిగిస్తారు? ఆ పడేదేదో పడితే, నేను వరండాలో నిద్రపోతూ ఉండగా పడేది కదా?

ఒక మధ్యాహ్నం ఆయనే ఆ మాట ఎత్తారు.

"ఇల్లు కొనేటప్పుడు నువ్వు వద్దన్నావు. సెదలు పడతాయని అప్పుడే అన్నావు. నాను నవ్వేను. ఇప్పుడు ఏ మొకం పెట్టుకుని సెప్పను?"

"నవ్వినందుకా?"

"ఊఁ."

"దానికి ప్రాణం పోయేదాకా పడుకుంటారా?"

ఆయన దుప్పటి అంచు మడుస్తూ కూర్చున్నారు. ఘాట్‌లో లోయ అంచున బస్సు తిప్పే మనిషికి, భార్య ముందు ఒక్క మాట ఒప్పుకోవడం అంత కష్టమైందా అని నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. ఆ రోజు ఆయన మీద అరిచాను. కడుపులో ఉన్నదంతా అనేశాను. ఆయన గోడ వైపు తిరగకుండా విన్నారు.

ఆ ఇంట్లోకి మేం మళ్లీ వెళ్లలేదు. మిగిలిన పెంకులు దించి, గోడలు పడగొట్టించాం. ఇప్పుడు పెదబొడ్డేపల్లి వైపు ఒక డాబా ఇంట్లో కింద పోర్షన్లో అద్దెకుంటున్నాం. ఆయన ముందు వాకరుతో, తర్వాత కర్రతో, తర్వాత ఏమీ లేకుండా నడిచారు. అమ్మాయి ఒక్కటే చాలా రోజులు నాన్న దగ్గరికి వెళ్లడానికి జంకింది. గుమ్మం దగ్గర ఆగి, లోపలికి రావచ్చా అని అడిగేది. అలా అడిగినప్పుడల్లా ఆయన ముఖం చిన్నబోయేది. "నీకెందుకమ్మా అడగడం, రా," అని పక్కన చోటు చూపించేవారు.

మొన్న చివరిసారి డాక్టరు దగ్గరికి ఒక్కరే బస్సులో వెళ్లొచ్చారు. నాకు పరీక్ష పేపర్లు దిద్దే పనుండి వెళ్లలేకపోయాను. సాయంత్రం గేటు చప్పుడైంది. గుమ్మంలో నిలబడి, చెప్పులైనా విప్పకుండా చెప్పారు.

"ఈ కాలు కాస్త పొట్టిదైపోయిందట. ఘాట్ డ్యూటీ ఇంక ఇవ్వరు. నాకు శానా బాధగా ఉంది."

పేపర్లు పక్కన పెట్టి, లేచి వెళ్లి ఆయన చేతిలో సంచి అందుకున్నాను.